వ్యాసాల సైటుకి ఏ సీఎంఎస్? తిరుపతి, చిత్తూరు చరిత్ర–సంస్కృతి వ్యాసాల కోసం

స్వర్ణముఖి_తీరం

అందరికీ నమస్కారం. తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు చుట్టుపక్కల గుళ్లు, కోటలు, జాతరలు, చేతిపనుల మీద వ్యాసాల సైటు పెట్టబోతున్నాం. దానికి సీఎంఎస్ (వ్యాసాలు ఎక్కించి, దిద్ది, ప్రచురించే సాఫ్ట్‌వేర్) ఒకటి ఎంచుకోవాలి. పాత పత్రికల్లో, ప్రత్యేక సంచికల్లో అచ్చయిన వ్యాసాలు సుమారు 400 ఉన్నాయి. ఎక్కువ భాగం అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత అచ్చు ఫాంట్లు) ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లు, మిగతావి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. కొత్తవి నెలకి 8–10 వస్తాయి. రాసేవాళ్లు ఆరుగురు, అందులో నలుగురు రిటైరైన మాస్టర్లు, ఫోన్లోనే టైపు చేస్తారు. దిద్దేవాళ్లు ఇద్దరు. కోడు తెలిసినవాళ్లు ఒక్కరే, ఆదివారాలు మాత్రమే దొరుకుతారు. ఏడాది ఖర్చు పదివేలు దాటకూడదు.

వర్డ్‌ప్రెస్ పెట్టమని కొందరు, అది బరువు, హ్యాక్ అవుతుంది, హ్యూగో పెట్టమని ఇంకొందరు. జూమ్లా, ద్రూపల్ పేర్లూ వచ్చాయి. ఏది తీసుకోవాలో కారణాలతో సహా చెప్పండి.

బైరాగిపట్టెడ

మీరు చెప్పిన లెక్కకి వర్డ్‌ప్రెస్. రాసేవాళ్లు ఆరుగురు, దిద్దేవాళ్లు ఇద్దరు, కోడు చూసేది ఒక్కరు. ఈ అమరికకి కావలసినవి అందులో మొదటి నుంచీ ఉన్నాయి.

మాస్టర్లకి "కంట్రిబ్యూటర్" పాత్ర ఇవ్వండి. వాళ్లు రాసి "సమీక్షకు పంపు" నొక్కగలరు, ప్రచురించలేరు. ప్రచురణ అయ్యాక తమ వ్యాసాన్ని కూడా మార్చలేరు. ఒక చిక్కుంది: కంట్రిబ్యూటర్ బొమ్మలు ఎక్కించలేడు. అక్కడే చాలామంది విసిగిపోయి అందరికీ "ఆథర్" పాత్ర ఇచ్చేస్తారు. అప్పుడు ఎవరి వ్యాసం వాళ్లు దిద్దుబాటు లేకుండానే ప్రచురించేస్తారు. అలా చెయ్యొద్దు. కంట్రిబ్యూటర్‌కి బొమ్మలు ఎక్కించే అనుమతి ఒక్కటి కలిపితే చాలు, పాత్రల అనుమతులు మార్చే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఏదైనా ఆ పని చేస్తుంది. దిద్దేవాళ్లిద్దరికీ "ఎడిటర్". "అడ్మినిస్ట్రేటర్" ఒక్కరికే, ఆ ఖాతాతో వ్యాసాలు రాయకూడదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరు. మొదటిది వాళ్ల సర్వరు మీద నడిచే సేవ. రెండోది మన హోస్టింగ్ మీద పెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. నేను చెప్పేది రెండోదాని గురించి.

తలకోన_నీళ్లు

నేను ఒప్పుకోను. వ్యాసం రాశాక మారేది తక్కువ. చదివేవాడు తెరిచిన ప్రతిసారీ పీహెచ్‌పీ (సర్వరు మీద పేజీ కట్టే కోడు) నడిచి, డేటాబేస్‌ని అడిగి, పేజీ కట్టి పంపాల్సిన పనేముంది? హ్యూగో ఒక్క ఫైలు ప్రోగ్రాం. వ్యాసాలు మార్క్‌డౌన్ ఫైళ్లుగా (చిన్న గుర్తులతో రాసే మామూలు పాఠం) ఉంటాయి, 400 వ్యాసాల సైటంతా కొన్ని సెకన్లలో కట్టేస్తుంది. బయటికి వచ్చేది మామూలు హెచ్‌టీఎంఎల్. డేటాబేస్ లేదు, లాగిన్ పేజీ లేదు, కాబట్టి దాడి చెయ్యడానికి చోటు చాలా తక్కువ.

క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. ఉచిత ప్లానులో నెలకి 500 బిల్డులు (సైటుని మళ్లీ కట్టడాలు), సైటుకి 20,000 ఫైళ్లు, ఒక్కో ఫైలు 25 ఎంబీ లోపు. మీ అవసరానికి ఎక్కువే. గిట్‌హబ్ పేజెస్ అయితే సైటు 1 జీబీ దాటకూడదు, ఫొటోలు ఎక్కువైతే అక్కడ ఇరుకవుతుంది. ఖర్చల్లా డొమైన్‌కే. పదివేల బడ్జెట్‌లో తొమ్మిదివేలు ఫొటోలు తీయించడానికి, టైపింగుకి మిగులుతాయి.

బైరాగిపట్టెడ

> దాడి చెయ్యడానికి చోటు చాలా తక్కువ

అది నిజం. కానీ రాత్రి తొమ్మిదింటికి ఒక మాస్టారు ఫోను తీసి "రెండో పేరాలో శాసనం తేదీ తప్పు పడింది" అన్నప్పుడు మార్చేది ఎవరు? హ్యూగోలో అయితే ఫైలు తెరిచి, ముందు భాగంలోని శీర్షిక, తేదీ, వర్గం వరసలు చెడకుండా దిద్ది, గిట్‌లోకి (ఫైళ్ల మార్పులన్నీ దాచే వ్యవస్థ) నెట్టాలి. అక్కడ ఒక్క కోట్ గుర్తు మూయకపోయినా బిల్డు ఆగిపోతుంది. చూడగలిగిన మనిషి ఆదివారం దాకా దొరకడు.

డెకాప్ సీఎంఎస్ అని హ్యూగో ముందు పెట్టుకునే వెబ్ తెర ఒకటుంది, 2023కి ముందు దాని పేరు నెట్లిఫై సీఎంఎస్. దాంతో కొంత సులువవుతుంది. కానీ లాగిన్ అమరిక గిట్ ఖాతాలతో ముడిపడి ఉంటుంది, ఫోన్లో వాడటానికి వీలుగా ఉండదు.

చంద్రగిరి_దుర్గం

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టారు. ఒక వ్యాసంలో ఏమేం గడులు ఉండాలో ముందు కాగితం మీద రాయండి. ఏ సీఎంఎస్ అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

మీ వ్యాసాలకి కనీసం ఇవి కావాలి: శీర్షిక, రచయిత, ఊరు, కాలం, విషయం, మొదట అచ్చయిన పత్రిక, అచ్చయిన తేదీ, ఫొటో తీసినవారు, తిరిగి ప్రచురించడానికి అనుమతి ఇచ్చింది ఎవరు. ఈ చివరి గడి చాలామందికి గుర్తుకే రాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్య రచనల మీద హక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది. పాత వ్యాసాలు కాబట్టి రచయిత నుంచో వారసుల నుంచో, హక్కు పత్రికది అయితే పత్రిక నుంచో అనుమతి తీసుకుని, ఆ వివరం వ్యాసంతోనే దాచాలి.

అచ్చయిన తేదీ, సైటులో పెట్టిన తేదీ రెండు వేరు గడులు. 1994లో అచ్చయిన వ్యాసానికి వర్డ్‌ప్రెస్‌లో తేదీ 1994 అని పెడితే అది జాబితా అడుక్కి పోతుంది, కొత్తగా పెట్టారని ఎవరికీ తెలియదు.

ఇక ఊరు గడి. ఇక్కడ జిల్లా పేరుని వర్గంగా పెడితే దెబ్బ తింటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. అంతకుముందు "చిత్తూరు జిల్లా" కింద పెట్టిన శ్రీకాళహస్తి, చంద్రగిరి వ్యాసాలన్నీ ఒక్క రోజులో తప్పు వర్గంలో పడ్డాయి. వెబ్ చిరునామాలో కూడా జిల్లా పేరు ఉంటే ఆ లింకులన్నీ మార్చాలి, పాతవాటి నుంచి 301 దారి మళ్లింపులు పెట్టాలి. గీతలు మళ్లీ మారవన్న హామీ లేదు. వ్యాసానికి ఊరు మాత్రమే తగిలించండి, ఊరు ఏ జిల్లాలోదో ఊరి పేజీలో ఒక్కచోట రాయండి. మారితే అక్కడ ఒక్కసారి మార్చుకుంటే సరిపోతుంది.

ఉదాహరణకి తాతయ్యగుంట గంగమ్మ జాతర వ్యాసం: ఊరు తిరుపతి, విషయం జాతరలు. రాజమహల్ వ్యాసం: ఊరు చంద్రగిరి, కాలం విజయనగరం, విషయం కోటలు. అప్పుడు "విజయనగర కాలం నాటివన్నీ చూపించు" అంటే చూపిస్తుంది.

ఇలాంటి గడులకి అన్నిటికన్నా బలమైనది ద్రూపల్. ఎన్ని రకాల గడులైనా తెర మీదే తయారుచేసుకోవచ్చు, వాటితో జాబితాలు కట్టే వ్యూస్ 2015లో 8వ వెర్షన్ నుంచీ కోర్‌లోనే (అదనంగా ఏదీ తగిలించని అసలు సాఫ్ట్‌వేర్‌లోనే) ఉంది. జూమ్లాలోనూ గడులు ఉన్నాయి, ఎవరు ఏది చూడాలి, ఏది మార్చాలి అన్న అదుపు కోర్‌లోనే గట్టిగా ఉంది. కానీ జూమ్లాలో వ్యాసం ఒక్క వర్గంలోనే ఉండగలదు. ఊరు, కాలం, విషయం అని మూడు దారులు కావాలంటే ట్యాగుల మీద ఆధారపడాలి.

స్వర్ణముఖి_తీరం

దుర్గం గారూ, గడుల సంగతి ఇప్పటిదాకా మాకు తట్టలేదు, చాలా ఉపయోగం. అయితే ద్రూపల్‌కే వెళ్లమంటారా?

చంద్రగిరి_దుర్గం

వద్దు. ద్రూపల్‌ని చూసుకోవడానికి రోజూ అందుబాటులో ఉండే మనిషి కావాలి. అప్‌డేట్లు కంపోజర్ అనే పనిముట్టుతో కమాండ్ లైన్ నుంచి చెయ్యాలి, చవక షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వరుని చాలా సైట్లు పంచుకునేది) మెమరీ చాలక అది మధ్యలో ఆగుతుంది. 7వ వెర్షన్‌కి మద్దతు 2025 జనవరి 5తో ముగిసింది. 7 నుంచి పైకి వెళ్లడమంటే కొత్త సైటు కట్టుకుని సమాచారం తరలించడమే. 8 నుంచి తర్వాతి వెర్షన్ల మధ్య అంత కష్టం లేదు గానీ ఆదివారాల మనిషికి భారమే.

వర్డ్‌ప్రెస్‌లో ఊరు, కాలం, విషయం మూడిటినీ మూడు వేర్వేరు టాక్సానమీలుగా (వ్యాసాల్ని విడదీసే వర్గీకరణలు) నమోదు చెయ్యండి. అంతా కలిపి యాభై అరవై వరసల కోడు. దాన్ని థీమ్ (సైటు రూపం) ఫైల్లో పెట్టొద్దు, థీమ్ మారిస్తే గడులన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. విడిగా చిన్న ప్లగిన్‌గా రాయండి.

గిరింపేట_చిత్తూరు

చిరునామాల దగ్గర తెలుగు సైట్లన్నీ పడే గుంట ఒకటుంది, వివరంగా రాస్తున్నాను.

వర్డ్‌ప్రెస్ శీర్షిక నుంచే చిరునామా ముక్క తయారుచేస్తుంది. డేటాబేస్‌లో ఆ గడి పొడవు 200 అక్షరాలు. తెలుగు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) 3 బైట్లు, చిరునామాలోకి మారేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్క తెలుగు గుర్తుకి 9. 200లో పట్టేవి 22 గుర్తులే. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు, గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క.

"శ్రీకాళహస్తి కలంకారి చరిత్ర" తీసుకోండి. శ్రీకాళహస్తిలో 12 గుర్తులు, కలంకారిలో 7, చరిత్రలో 6. మొదటి రెండు మాటలు, రెండు గీతలు కలిపి 173 అయిపోయాయి. మిగిలిన 27లో మూడు గుర్తులే పడతాయి. కాబట్టి చిరునామా "శ్రీకాళహస్తి-కలంకారి-చరి" దగ్గర తెగిపోతుంది. అదే మొదలున్న ఇంకో శీర్షిక వస్తే రెండిటికీ ఒకే చిరునామా తేలి, రెండోదానికి చివర 2 అంకె పడుతుంది. పైగా వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నాలుగైదు వరసల లింకు కనిపిస్తుంది, పెద్దవాళ్లు దాన్ని చూసి వైరస్ అనుకుని తెరవరు.

అందుకని ప్రతి వ్యాసానికీ ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటల చిరునామా ఎడిటరే చేత్తో ఇవ్వాలి. ప్రచురించే ముందే ఇవ్వాలి. పర్మాలింక్ (వ్యాసం శాశ్వత చిరునామా) అమరికలో "పోస్ట్ నేమ్" ఎంచుకోండి. తేదీ, వర్గం చిరునామాలో ఉండకూడదు. లిప్యంతరీకరణకి ఒక పద్ధతి రాసిపెట్టుకోండి: దీర్ఘాలకి రెండు అక్షరాలా ఒకటా, "శ"కి ఏది, "ష"కి ఏది. ఇద్దరు ఎడిటర్లు రెండు రకాలుగా రాస్తే తర్వాత వెతుక్కోలేరు.

కలంకారి_గీత

అను ఫాంట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, మీకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది అదే. ఏ సీఎంఎస్ తీసుకున్నా ఈ పని తప్పదు.

అను ఫైలు నుంచి కాపీ చేసి ఎక్కడ అతికించినా గందరగోళమే వస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది తెలుగు అక్షరాలు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అను వెర్షన్‌ని బట్టి అక్షరాల పట్టిక మారుతుంది, ముందు ఒక పేజీ మార్చి చూసి సరైన పట్టిక ఎంచుకోండి.

మార్చాక చూడాల్సినవి: వ్యాసం మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే అవి కూడా తెలుగు ముక్కలుగా మారిపోతాయి. కోట్ గుర్తులు, డ్యాష్‌లు, అంకెలు తారుమారవుతాయి. శాసనాల సంవత్సరాలు ఉన్న వ్యాసాల్లో అంకెల్ని అచ్చు ప్రతితో పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. పేజ్‌మేకర్‌లో కాలమ్ వెడల్పుకి సరిపడేలా వరస చివర ఎంటర్ కొట్టి ఉంటారు. వాటిని తీసెయ్యకపోతే ఫోన్లో ప్రతి వరసా సగంలో విరుగుతుంది. వ్యాసం అంతటా ఒకేసారి తీసేస్తే పేరాలన్నీ కలిసిపోతాయి. ముందు నిజమైన పేరా విరుపులకి ఏదైనా అరుదైన గుర్తు పెట్టి, మిగతా ఎంటర్లు తీసేసి, గుర్తుని మళ్లీ పేరాగా మార్చండి.

స్కాన్ పీడీఎఫ్‌లకి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని పాఠంగా మార్చడం) వేరే దారి. 300 డీపీఐ కన్నా తక్కువ ఉంటే మళ్లీ స్కాన్ చెయ్యడమే మేలు. గూగుల్ డ్రైవ్ తెలుగు చదువుతుంది, ఉచితంగా దొరికే టెస్సరాక్ట్‌కీ తెలుగు డేటా ఉంది. థ–ధ, ప–వ తడబడతాయి, రెండు కాలమ్‌ల పేజీలో అటుదీ ఇటుదీ కలిపేస్తాయి. కాలమ్‌లు విడిగా కత్తిరించి ఇవ్వండి.

పీడీఎఫ్‌నే నేరుగా సైటులో పెట్టేద్దామని ఎవరైనా అంటారు. ఒప్పుకోవద్దు. ఫోన్లో చదవలేరు, అను ఫాంట్ పీడీఎఫ్ గూగుల్ వెతుకులాటలో దొరకదు.

సైటు ఫాంటు సంగతి కూడా చెప్పేస్తాను. వ్యాసం పాఠానికి ఫోన్లో ఉన్న ఫాంటే వాడండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఉంటుంది. తెలుగు ఫాంటు ఫైళ్లు ఒత్తుల వల్ల పెద్దవి, పల్లెల్లో నెట్ నెమ్మదిగా ఉన్నచోట పాఠం కనిపించడానికే ఆలస్యమవుతుంది. శీర్షికలకి ఒక్క ఫాంటు చాలు. మండలి, సూరన్న, గిడుగు అందమైనవే, కానీ ఒక్క బరువులోనే ఉన్నాయి. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనంతట తాను లావు చేస్తుంది, ఒత్తులు పూడుకుపోతాయి. బోల్డ్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు గానీ హింద్ గుంటూరు గానీ తీసుకోండి. వరసల ఎడం 1.7 నుంచి 1.8. ఇంగ్లీషు థీమ్‌ల్లో ఉండే 1.4, 1.5 ఉంచితే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. అక్షరాల మధ్య ఎడం మాత్రం ముట్టుకోవద్దు.

స్వర్ణముఖి_తీరం

గీత మేడమ్, ఎంటర్ల చిట్కా ఒక్కటే మాకు ఎంతో పని తగ్గిస్తుంది. కృతజ్ఞతలు. హోస్టింగ్ గురించి ఎవరైనా చెప్తారా? బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి ఒక్కసారిగా చదివేవాళ్లు పెరుగుతారేమోనని మాలో భయం ఉంది.

పుత్తూరు_సర్వర్

అన్నా, ఆ భయానికి మందు పేజ్ క్యాష్. అది లేకుండా వర్డ్‌ప్రెస్ పెడితే 1 జీబీ మెమరీ సర్వర్లో మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్) పోను మిగిలినదాంట్లో పీహెచ్‌పీ ప్రాసెస్‌లు పదో పన్నెండో పడతాయి. ఒక్కొక్కటి 50 ఎంబీ తింటాది అనుకోండి. అంతకు మించి ఒక్కసారే వస్తే వెనకోళ్లు వరసలో నిలబడతారు, సైటు తెల్లగా పోతాది. క్యాష్ ఉంటే ఒకసారి కట్టిన పేజీని ఫైలుగా దాచి అదే ఇస్తాది, పీహెచ్‌పీ దాకా పోదు. తలకోన అన్న హ్యూగోతో చేస్తామనే పని చాలావరకు ఇక్కడే అయిపోతాది. ముందర క్లౌడ్‌ఫ్లేర్ కూడా పెట్టండి, ఉచిత ప్లాను చాలు. సర్వరు మాత్రం ముంబై గానీ హైదరాబాద్ గానీ ఉండేది చూసుకోండి.

క్యాష్ పెడితే వచ్చే చిక్కు ఒకటుండాది. వర్డ్‌ప్రెస్‌లో టైము పెట్టి ప్రచురించేది ఎవరన్నా పేజీ తెరిచినప్పుడే పని చేస్తాది. క్యాష్ ఉంటే పీహెచ్‌పీ నడవదు, నడవకపోతే తెల్లారుజాము 5కి పెట్టిన వ్యాసం "మిస్డ్ షెడ్యూల్" అని అట్లనే ఉండిపోతాది. వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ (టైముకి పనులు నడిపేది) కాన్ఫిగ్ ఫైల్లో ఆపేసి, హోస్టింగ్ ప్యానెల్లో క్రాన్ జాబ్ ఒకటి 10 నిమిషాలకొకసారి నడిచేట్టు పెట్టుకోవల్ల.

ఇంక ఫొటోలు. ఫోన్లో తీసిన 4000 పిక్సెళ్ల ఫొటో ఒకటి ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ 150, 300, 768, 1024, 1536, 2048, 2560 సైజులన్నీ చేస్తాది. అసలుదాంతో కలిపి 8 ఫైళ్లు, థీమ్ ఇంకో రెండు మూడు కలుపుతాది. రెండువేల ఫొటోలకి పదహారువేల పైన ఫైళ్లు. షేర్డ్ హోస్టింగ్‌లో "అన్‌లిమిటెడ్ స్థలం" అంటారు గానీ ఫైళ్ల లెక్కకి పరిమితి ఉంటాది, దాన్ని ఐనోడ్ అంటారు. కొనేముందు అది అడగండి. ఫొటోని 1600 పిక్సెళ్లకి తగ్గించి, వెబ్‌పీ (తక్కువ సైజు ఫొటో రకం) చేసి ఎక్కిస్తే పెద్ద సైజులు తయారే కావు. అసలు ఫొటోలు మీ దగ్గర హార్డ్ డిస్క్‌లో ఉంచుకోండి.

రివిజన్లు కూడా. ఏమీ పెట్టకపోతే సేవ్ కొట్టిన ప్రతిసారీ వ్యాసం పూర్తి నకలు డేటాబేస్‌లో చేరతానే ఉంటాది, అంతు లేదు. కాన్ఫిగ్‌లో 10కి కట్టెయ్యండి.

రేటు చూసేటప్పుడు మొదటి ఏడాది రేటు కాదు, రెన్యువల్ రేటు చూడండి. చాలాచోట్ల రెండింతలు దాటతాది.

తలకోన_నీళ్లు

పుత్తూరు అన్న చెప్పింది సరే. క్యాష్, క్లౌడ్‌ఫ్లేర్ రెండూ ఉంటే వేగం విషయంలో నా వాదన బలం తగ్గుతుంది. కానీ అసలు వాదన ఇంకోటి ఉంది: పదేళ్ల తర్వాత ఈ వ్యాసాలు బయటికి ఎట్లా తీస్తారు? మార్క్‌డౌన్ ఫైళ్లు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి.

వర్డ్‌ప్రెస్ తీసుకున్నా అంతే భద్రంగా ఉండాలంటే రెండు పనులు చెయ్యండి. ఒకటి, పేజీ బిల్డర్ ప్లగిన్లు వ్యాసాల్లో వాడొద్దు. తీసేసిన రోజు వ్యాసం నిండా చదరపు బ్రాకెట్ల చెత్త మిగులుతుంది, కాకపోతే డివ్ అనే హెచ్‌టీఎంఎల్ గుర్తుల అడవి. 2018లో 5.0తో వచ్చిన బ్లాక్ ఎడిటర్‌లో పేరా, ఉపశీర్షిక, బొమ్మ, ఉల్లేఖన, జాబితా బ్లాకులు మాత్రమే వాడితే లోపల శుభ్రమైన హెచ్‌టీఎంఎల్ ఉంటుంది, ఎప్పుడైనా మార్క్‌డౌన్‌కి మార్చుకోవచ్చు. మిగతా బ్లాకులు ఎడిటర్ అమరికలో దాచేసెయ్యండి, మాస్టర్లకీ తేలికవుతుంది.

రెండు, టూల్స్‌లో ఉండే ఎక్స్‌పోర్ట్‌ని బ్యాకప్ అనుకోవద్దు. ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో వ్యాసాలుంటాయి, బొమ్మల చిరునామాలు ఉంటాయి, బొమ్మలు ఉండవు. కొత్తచోట ఇంపోర్ట్ చేసేటప్పుడు పాత సైటు బతికుంటేనే అక్కడి నుంచి బొమ్మలు లాగుతుంది. పాత హోస్టింగ్ గడువు ముగిశాక ఆ ఫైలు పట్టుకుంటే ఫొటోలన్నీ పోయినట్టే.

పుత్తూరు_సర్వర్

దాని మీద ఒక మాట. బ్యాకప్ అంటే డేటాబేస్ డంప్, అప్‌లోడ్స్ ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైలు, మీ సొంత చిన్న ప్లగిన్, థీమ్. డేటాబేస్ రోజుకొకసారి, ఫైళ్లు వారానికొకసారి. అదే సర్వర్లో పెడితే బ్యాకప్ కాదు. మూడు నెలలకొకసారి ఏదన్నా సబ్‌డొమైన్‌లో తిరిగి నిలబెట్టి చూడల్ల.

నిలబెట్టేటప్పుడు క్యారెక్టర్ సెట్ రెండు పక్కలా యూటీఎఫ్8ఎంబీ4 అని చూసుకోండి. తీసేటప్పుడో ఎక్కించేటప్పుడో లాటిన్1 అనుకుంటే తెలుగంతా టోపీ పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ సున్నాలుగా కనిపిస్తాది. అప్పుడు కంగారుపడి ఎడిటర్లో సేవ్ కొట్టద్దండి, డంప్ సరిగ్గా ఉంటే మళ్లీ ఎక్కిస్తే వచ్చేస్తాది.

డొమైన్ మాత్రం మీ సంస్థ పేరుతో, మీ ఈమెయిలుతో కొనండి. సైటు చేసిచ్చేవాళ్ల ఖాతాలో ఉంటే రేపు మాట తేడా వస్తే సైటు పేరే మీ చేతిలో ఉండదు.

స్వర్ణముఖి_తీరం

ఘోస్ట్, బ్లాగర్ సంగతేంటి? బ్లాగర్ అయితే ఖర్చే లేదని మా మాస్టారు ఒకరు అడుగుతున్నారు. ఇంకో ప్రశ్న: ముప్పై నలభై వ్యాసాలు ఇంగ్లీషులో కూడా పెట్టాలి. దానికి వేరే సైటు కావాలా?

గిరింపేట_చిత్తూరు

బ్లాగర్ ఒక్కరి రచనలకి బాగుంటుంది. మీకు సరిపోదు. అడ్మిన్, ఆథర్ అని రెండే పాత్రలు, సమీక్షకి పంపే మెట్టు లేదు. లేబుళ్లు తప్ప గడులు లేవు. తెలుగు శీర్షిక ఇస్తే చిరునామా "బ్లాగ్-పోస్ట్" అని, దాని పక్కన అంకె అని పడుతుంది. సొంత చిరునామా ఇవ్వొచ్చు గానీ ఏడాది, నెల అందులో తప్పవు.

ఘోస్ట్‌లో రాసే తెర చాలా హాయిగా ఉంటుంది, ఈమెయిల్ లేఖలు, సభ్యత్వాలు లోపలే ఉన్నాయి. కానీ పీహెచ్‌పీ షేర్డ్ హోస్టింగ్‌లో నడవదు. నోడ్, మైఎస్‌క్యూఎల్ 8, కనీసం 1 జీబీ మెమరీ ఉన్న సొంత వీపీఎస్ (మనకే కేటాయించిన సర్వరు భాగం) కావాలి. మూకుమ్మడి ఈమెయిళ్లకి మెయిల్‌గన్ ఖాతా, చందాలకి స్ట్రైప్ (డబ్బు వసూలు చేసిపెట్టే సేవ). స్ట్రైప్ 2024 నుంచి మన దేశంలో కొత్త వ్యాపారాల్ని ఆహ్వానం మీదే తీసుకుంటోంది. యూపీఐతో చందా కట్టే పాఠకులున్న సైటుకి ఆ బలం వాడుకోలేరు.

చంద్రగిరి_దుర్గం

ఇంగ్లీషు వ్యాసాలకి వేరే సైటు వద్దు. ప్రతి వ్యాసానికీ రెండు భాషల్లో జంట ఉండాలంటే జూమ్లా, ద్రూపల్ కోర్‌లోనే ఆ ఏర్పాటు ఉంది, వర్డ్‌ప్రెస్‌లో పాలీలాంగ్ లాంటి ప్లగిన్ పెట్టాలి. 400కి నలభై మాత్రమే అంటే ప్లగిన్ కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు వ్యాసాలకి ఒక ప్రత్యేక వర్గం, ఆ పేజీల్లో భాష ఇంగ్లీషు అని చెప్పే గుర్తు, తెలుగు జంటకి పైన ఒక లింకు. సైటు భాష మాత్రం మొదటి రోజే తెలుగు అని పెట్టండి. అప్పుడే పేజీలో తెలుగు భాష గుర్తు పడుతుంది, తెర మీద పాఠం చదివే ప్రోగ్రాములు సరైన గొంతు ఎంచుకుంటాయి.

కలంకారి_గీత

వెతుకులాట పెట్టె గురించి. వర్డ్‌ప్రెస్ శీర్షికలో, సారాంశంలో, పాఠంలో ఆ మాట ఉన్నదున్నట్టు ఉందా అని చూస్తుంది. "తిరుపతి" కొడితే తిరుపతిలో, తిరుపతికి, తిరుపతి నుంచి అన్నీ దొరుకుతాయి, అది మన భాషకి కలిసొచ్చింది. "గుడి" కొడితే "గుళ్లో" దొరకదు, "ఊరు" కొడితే "ఊళ్లో" దొరకదు. "కాళాస్తి" అని కొట్టేవాళ్లకి "శ్రీకాళహస్తి" అసలే రాదు. అందుకే దుర్గం గారు చెప్పిన ఊరు గడి వెతుకులాటకీ కావాలి. ఊరి పేజీలో జనం పిలిచే పేర్లన్నీ రాసి ఉంచండి, కనీసం ఆ పేజీ దొరుకుతుంది, అక్కడి నుంచి వ్యాసాలకి వెళ్తారు.

ఇంకోటి కంటికి కనిపించదు. "హార్స్‌లీ హిల్స్"లో స్ తర్వాత లీ ఒత్తుగా మారకుండా ఆపేది సున్నా వెడల్పు గుర్తు. ఎడిటర్ అది పెట్టి టైపు చేస్తారు, పాఠకుడు ఫోన్లో అది లేకుండా కొడతాడు, రెండూ కలవవు. వ్యాసం సేవ్ అయినప్పుడు ఆ గుర్తులన్నీ తీసేసిన నకలు ఒక దాపరికపు గడిలో ఉంచి, వెతికే మాటలోంచి కూడా తీసేసి, ఆ గడిలో వెతికించాలి. ఆదివారాల మనిషికి ఒక్క పూట పని. ప్రచురించే పాఠంలోంచి మాత్రం తీసెయ్యొద్దు, పేర్లు వికారంగా కనిపిస్తాయి.

స్వర్ణముఖి_తీరం

అందరికీ చేతులెత్తి నమస్కారం. వర్డ్‌ప్రెస్, బ్లాక్ ఎడిటర్, మూడు టాక్సానమీలు విడి ప్లగిన్‌లో, ఇంగ్లీషు అక్షరాల చిరునామాలు, క్యాష్, ఫొటోలు 1600 పిక్సెళ్లు. ఇలా మొదలుపెడుతున్నాం. 400 వ్యాసాలూ మార్చాకే సైటు తెరవాలా, కొన్నిటితో తెరవాలా?

బైరాగిపట్టెడ

మూడు విషయాల నుంచి పదేసి చొప్పున ముప్పై తీసుకోండి: అను ఫైళ్లు కొన్ని, స్కాన్లు కొన్ని, ఇంగ్లీషు రెండు, ఫొటోలు బాగా ఎక్కువున్నవి రెండు. వాటిని పూర్తిగా దిద్ది ఎక్కించేటప్పుడే ఏ గడి తక్కువైందో, ఏది అనవసరమో తెలిసిపోతుంది. ముప్పై దగ్గర గడి మార్చడం తేలిక, నాలుగొందల దగ్గర చాలా కష్టం. ఆ ముప్పైతో తెరిచి, వారానికి ఐదారు పాతవి కలుపుతూ పోండి.

గిరింపేట_చిత్తూరు

కట్టేటప్పుడు సెట్టింగ్స్‌లో, రీడింగ్ కింద "సెర్చ్ ఇంజిన్లు ఈ సైటుని చూడొద్దు" అనే గడికి టిక్ పెట్టుకుంటారు కదా, తెరిచే రోజు అది తీసెయ్యాలి. అది మిగిలిపోతే సైటు అన్ని విధాలా బాగానే ఉంటుంది, గూగుల్‌లో మాత్రం నెలల తరబడి కనిపించదు. తీశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (సైటు పేజీల జాబితా) ఇవ్వండి, 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ దాన్ని తనే తయారుచేస్తోంది.